పద్నాలుగు గంటల కరెంటు

జనగామ,
20 సెప్టెంబర్ 2011

వదినకు,

ఇక్కడ నేను క్షేమంగా లేను. అక్కడ నువ్వు క్షేమంగా ఉన్నావంటే అది మీ ఆయన ఇంట్లో లేని సమయం అయ్యుంటుంది.

ఫోన్ చేయక ఈ ఉత్తరం ఏమిటంటావేమో. ఫోన్ చేస్తే ఎత్తేది ఆయన. నువ్వెత్తినా పక్కన కూర్చుని స్పీకర్ పెట్టిస్తాడు. ఆయనతో నేను మాట్లాడడం మానేశాను. మానేశానన్న సంగతి ఆయనకు ఇంకా తెలిసినట్టు లేదు, అది నా ఖర్మ.

మొన్న శనివారం తెలంగాణ సమ్మె వాళ్లు మా కాలేజీకి వచ్చారు. రావడం తప్పు కాదు, రాష్ట్రం నాకూ కావాలి. భూపాలపల్లి బొగ్గు బాయి నుంచి జనగామ దాకా వచ్చిన గుంపులో మా అన్న ఉండడమూ తప్పు కాదు. చూసి సంతోషపడ్డాను కూడా. ల్యాబులో ఉన్న పిల్లలందరినీ నేనే బయటికి తీసుకొచ్చి నిలబెట్టాను. అందరూ వచ్చాక ఆఖరున ల్యాబులోంచి మీ ఆయన వచ్చాడు. వస్తూ వస్తూ గోడకున్న మెయిన్ స్విచ్ కిందికి లాగి, తలుపు దగ్గరికేసి, చేతులు దులుపుకున్నాడు.

లోపల మూల కంప్యూటర్ మీద నా ఎంటెక్ ప్రాజెక్టు నడుస్తోంది వదినా! పద్నాలుగు గంటలు ఆగకుండా నడవాలి. ముందు రోజు సాయంత్రం మొదలుపెట్టాను. ఎన్నడూ లేనిది ఆ రాత్రి కరెంటు పోలేదు. ఇంకో గంట అయితే అయిపోయేది. మధ్యలో ఆపి మళ్లీ అందుకునే రకం కాదది. తోడేసిన పాలలాగా, కదిపితే పోయింది. ల్యాబులో బ్యాటరీలు ఎప్పుడో చచ్చాయి.

నా దగ్గర బీటెక్ చదివి ఇక్కడే ఎంటెక్‌లో చేరిన మౌనిక అని ఒక పిల్ల ఉంది. "మేడం, మీ అన్ననట గద?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆయనకు ఈ ఉత్తరం చూపించు, లేదా చూపించకు. నీ ఇష్టం.

నీ మరదలు,
అక్షిత


భూపాలపల్లి,
26 సెప్టెంబర్ 2011

అక్షితా,

"మీ ఆయన, మీ ఆయన" అని ఉత్తరం నిండా రాశావు. నాకు ఆయన ఎనిమిదేళ్లుగా మొగుడు. నీకు పుట్టినప్పటి నుంచి అన్న. ఎవరి బాధ పాతదో నువ్వే లెక్క చూసుకో.

నీ ఉత్తరం ఆయనకు చూపించలేదు. ఆ రోజు జనగామ నుంచి వచ్చి ఎంత మురిసిపోయాడో తెలుసా? చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు. "మా చెల్లె పిల్లలనందర్ని ముందల పెట్టుకొని బయటికి తోల్కొచ్చింది, లెక్చరర్ అంటే గట్లుండాలె" అని పక్కింటి హీర్యాకు చెప్పాడు, హీర్యా భార్య గోరీకి చెప్పాడు, పాలవాడికి చెప్పాడు. అంత సంతోషంలో ఉన్న మనిషికి నీ తిట్లు చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు.

మెయిన్ సంగతంటావా, ఆ గోల నాకు కొత్త కాదు. బతుకమ్మకు పూలు తెచ్చుకుందామని బయల్దేరితే ఆఖరున ఆయన ఇంటి మెయిన్ కట్టేసి వస్తాడు. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోవడం నాకు పండుగలో భాగమే.

మాకు ఇక్కడ రోజూ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వడ్డించడం. ఇంట్లో ఇద్దరికి వండడానికి విసుక్కునేదాన్ని, ఇప్పుడు మూడు వందల మందికి పప్పు కలుపుతున్నాను. నా రెక్కల్లో పట్టు చచ్చింది.

సరే గాని, పద్నాలుగు గంటలు నడిచే ఆ ప్రాజెక్టు దేని గురించి? తెలిస్తే నేనూ నీతో కలిసి ఏడుస్తాను. ఇంకో మాట. బాయి కాలనీ క్వార్టర్లకు కరెంటు పోదు. నీ పెట్టె పట్టుకుని ఇక్కడికి రారాదూ?

సులోచన


జనగామ,
2 అక్టోబర్ 2011

వదినకు,

నవ్వనని ఒట్టేసి చదువు. నా ప్రాజెక్టు, కరెంటు ఎప్పుడు పోతుందో ముందే చెప్పే ప్రోగ్రాం.

నవ్వావు. తెలుసు.

కొడకండ్ల సబ్‌స్టేషన్ నుంచి మూడేళ్ల వివరాలు తెచ్చాను. ఏ రోజు ఎప్పుడు కరెంటు వచ్చింది, ఎప్పుడు పోయింది, అప్పుడు ఎండ ఎంత, వాన ఎంత, ఎన్ని మోటార్లు నడుస్తున్నాయి, అన్నీ. వాటిని చూసి చూసి కంప్యూటర్ నేర్చుకోవాలి. నేర్చుకున్నాక రేపటి సంగతి చెప్పాలి. రైతు పనులు మానుకుని మోటారు దగ్గర పడిగాపులు పడక్కర్లేదని నా ఆశ. నేర్చుకోవడానికి దానికి పద్నాలుగు గంటలు కావాలి. పద్నాలుగు గంటలు వరుసగా కరెంటు ఉండే ఊరైతే ఆ ప్రోగ్రాంతో పనేముంది? సమ్మె మొదలై బొగ్గు ఆగాక ఇక్కడ మూడు గంటలు ఉంటే ముప్పై సార్లు పోతోంది. కరెంటు పోతుందని చెప్పాల్సిన పెట్టె, కరెంటు లేక నోరు మూసుకుని కూర్చుంది.

గోరుచుట్టు మీద రోకటి పోటు, మా గైడ్ జగన్మోహన్ సారు. మంచివాడే, భయస్తుడు. సమ్మె రోజుల వివరాలు కలిపితే నా ప్రోగ్రాం అంచనాలన్నీ తప్పుతాయని ఆయన భయం. "ఆ రోజులు తీసేయమ్మా, అసలు సమ్మె జరగనట్టే రాసెయ్యి, లెక్కలు అందంగా వస్తాయి" అంటాడు. రోడ్డు మీద మూడు వందల మందికి పప్పు కలిపే వదినను పెట్టుకుని, సమ్మె జరగలేదని ఎట్లా రాయను?

గడువు ఈ నెలాఖరు. పరీక్షలన్నీ వాయిదా వేశారు గాని యూనివర్సిటీ ఇచ్చే నాలుగేళ్లలో నాకిది ఆఖరి ఏడు కాబట్టి నాకు ఒక్క రోజు కూడా పెంచరట. ఇది దాటితే పాఠాలు చెప్పుకుంటూ చదివిన చదువంతా నీళ్లపాలు. ఎంటెక్ లేని లెక్చరర్లను వచ్చే ఏడు ఉంచబోమని కాలేజీ వాళ్లు ముందే చెప్పారు. ఇన్నేళ్లుగా నేను పాఠం చెప్పిన గదిలోకి రేపు నేను వెళ్లకూడదు. అది తలచుకుంటే అన్నం దిగడం లేదు.

అయినా భూపాలపల్లికి రాను. ఆయన ఉన్న ఇంట్లో నా కంప్యూటర్ పెట్టడమంటే, పిల్లి ముందు పాలగిన్నె పెట్టి ఊరెళ్లడమే.

అక్షిత


భూపాలపల్లి,
8 అక్టోబర్ 2011

అక్షితా,

నవ్వాను. తర్వాత సిగ్గుపడ్డాను. మా చేతులతో ఆపిన బొగ్గు నీ మెడకు చుట్టుకుంటుందని నాకు తట్టలేదు.

సమ్మె జరగనట్టు మాత్రం రాయకు. నీకు అబద్ధం అచ్చిరాదు. చిన్నప్పుడు మామిడికాయ దొంగతనం చేసి నువ్వే వెళ్లి చెప్పేశావట, మీ అన్న ఇప్పటికీ చెబుతాడు.

బయల్దేరి వచ్చేయి. నేనిక్కడ ఉంటాను, నీ పెట్టెకు నేను కాపలా. మీ అన్న పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు, దీక్ష టెంటే ఆయన ఇల్లు. మొహాలు చూసుకునే పని కూడా పడదు. దసరా జమ్మి ఆకు నీ పేరున దాచి పెట్టాను. వచ్చి తీసుకో.

బస్సులు లేవని వంక పెట్టకు. మనసుంటే ట్రాక్టరు ఉంటుంది.

సులోచన


భూపాలపల్లి,
13 అక్టోబర్ 2011

మహబూబాబాద్‌లో, అదే మానుకోటలో, పుట్టింట్లో హాయిగా కూర్చున్న మా వదినకు,

నేనిక్కడ ఉంటానంటే, ఇక్కడ అంటే ఎక్కడ?

కంప్యూటర్ పెట్టెను బొంతలో చుట్టి, పిల్లనెత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని వచ్చాను. హన్మకొండ దాకా ఆటో, అక్కడి నుంచి సిమెంటు లారీ. పరకాల దగ్గర రోడ్డుకడ్డంగా పొయ్యిలు. అన్నం తిననిదే బండి కదలనియ్యమన్నారు. తిన్నాను. వంకాయ కూర బాగుంది, అది వేరే సంగతి. ఒక పెద్దమనిషి బొంత తట్టి చూసి, "గిది ఏందమ్మా?" అన్నాడు. కంప్యూటర్, చదువు పనికని చెప్పాను. "సదువుకేం తొందర, తెలంగాణ వచ్చినంక సదువుకోవచ్చు" అన్నాడు. "వచ్చినంక కొలువు కావాలంటే ఇప్పుడే సదవాలె గద పెదనాయినా" అన్నాను. ఆయన నవ్వి ఇంకో గరిటె వడ్డించాడు.

అంత కష్టపడి వస్తే ఇంటికి తాళం. పక్కింటి గోరీ తాళం చెవి చేతిలో పెట్టి, "సులోచనక్క మానుకోట పోయింది, అమ్మకు కండ్ల ఆపరేషనట" అంది. మూడు నెలల కింద సూదిలో దారం ఎక్కించిన మీ అమ్మకు అప్పుడే కళ్లు పోయాయా?

చీకటి పడ్డాక మీ ఆయన వచ్చాడు. నన్ను చూసి, "వచ్చినవా" అన్నాడు. అంతే. నేను మాట్లాడలేదు. మాట్లాడలేదని ఆయన గమనించనూ లేదు. నేను వండిన చారు తాగి, టెంటులో ఎవరెవరు ఏం మాట్లాడారో నాకే చెప్పి పడుకున్నాడు. ఇట్లాంటి మనిషి మీద అలగడం కూడా దండగ.

అసలు దెబ్బ పొద్దున తగిలింది. ఊళ్లన్నీ చీకట్లో ఉంటే కాలనీకి మాత్రం వెలుగెందుకని తీర్మానం చేశారట. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా ఏ ఇంట్లోనూ కరెంటు వాడకూడదు. ఎవరు పెట్టారు ఈ తీర్మానం? ఇంకెవరు! పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు అంటే పన్నెండు గంటలు. నాకు కావాల్సింది పద్నాలుగు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. నా పూజారి మా అమ్మ కడుపునే పుట్టాడు.

హీర్యా బావమరిది కొత్తగూడ పోయి, అక్కడి నుంచి మానుకోట సంతకు వస్తున్నాడట. ఈ ఉత్తరం అతని జేబులో పెట్టి పంపుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు. నిజం రాయి.

అక్షిత


మహబూబాబాద్,
15 అక్టోబర్ 2011

అక్షితా,

మా అమ్మ కళ్లు బాగున్నాయి. ఈ ఉత్తరం రాస్తుంటే పక్కన కూర్చుని, "పాపం పిల్లకు అబద్ధమెందుకు చెప్పినవే" అని తిడుతోంది. మీ ఇద్దరి మధ్య నేనుంటే ఆయన మురిపెం నాకు చెబుతాడు, నీ కోపం నువ్వు నాకు చెబుతావు. నేను పోస్టాఫీసునా? అందుకే వచ్చేశాను. తీర్మానం సంగతి మాత్రం నాకు తెలియదు. తెలిస్తే నేనే నిన్ను రావద్దనేదాన్ని.

నిజం రాయమన్నావు. ఇన్నాళ్లు చెప్పనిది ఒకటుంది, రాస్తున్నాను.

హీర్యా ఎడమ చెయ్యి చూశావా? మూడు వేళ్లు ముడుచుకుపోయి ఉంటాయి. మా పెళ్లయిన ఏడాది జరిగిందది. అప్పుడు మీ అన్న బాయిలో ఎలక్ట్రీషియన్, హీర్యా ఆయన దగ్గర హెల్పర్. పని ఆపి బయటికొచ్చేటప్పుడు ఆఖరి మనిషి స్విచ్ కట్టేసి రావాలి, అది బాయి పద్ధతి. ఆ రోజు ఆఖరున వచ్చింది మీ అన్న. కట్టేశాననుకున్నాడు, కట్టలేదు. తర్వాత హీర్యా పోయి కేబుల్ పట్టుకున్నాడు. ప్రాణం దక్కింది గాని నెలలకొద్దీ దవాఖానలో ఉన్నాడు. మీ అన్న రోజూ పోయి మంచం పక్కన కూర్చునేవాడు. హీర్యా ఒక్క మాట అనలేదు, ఎవరికీ చెప్పలేదు. తిట్టి ఉంటే మీ అన్న బాగుపడేవాడేమో.

అప్పటి నుంచి ఆయన ఏ గదిలోంచి ఆఖరున వచ్చినా చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోతుంది. గుడైనా అంతే, బడైనా అంతే. మా తమ్ముడి పెళ్లిలో ఫంక్షన్ హాలు మెయిన్ కట్టేస్తే వంటవాళ్లు చీకట్లో అరిచారు. మీ ల్యాబులో ఏదో నడుస్తోందని ఆయనకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. నువ్వు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మనిద్దరం నెల రోజులుగా ఉత్తరాలు రాసుకుంటున్నాం గాని ఆ మనిషికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

చెప్పు. నోరుంది కదా, నాకంటే పెద్దది.

సులోచన


భూపాలపల్లి,
18 అక్టోబర్ 2011

వదినా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు వరండాలో కూర్చున్నాను. ఏడ్చాను కూడా. ఆ తర్వాత మళ్లీ కోపమే వచ్చింది. ఇంట్లో ఇంత జరిగితే నాకు చెప్పకపోవడమేమిటి, నేనేమన్నా చుట్టాన్నా?

నిన్న పొద్దున ఆరింటికి ప్రోగ్రాం మొదలుపెట్టాను. ఆ రెండు గంటల సంగతి సాయంత్రం చూసుకుందాం అనుకున్నాను. ఆరు కాకముందే అన్న వచ్చాడు. చెప్పులు విప్పలేదు, నేరుగా వరండాలో మెయిన్ దగ్గరికి పోయాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"జరుగు చెల్లె, కట్టేయాలె."

"రెండు గంటలు ఆగు."

"తీర్మానం పెట్టిందే నేను. నా ఇంట్లనే కరెంటు నడిస్తే రేపు టెంటుల ఏ మొఖం పెట్టుకొని కూసోవాలె?"

"జనగామల కట్టింది చాలలేదా?"

"జనగామల నేనేం కట్టిన?"

అప్పుడు చెప్పాను వదినా. ల్యాబు, మూల కంప్యూటర్, ఇంకో గంట అయితే అయిపోయేదన్న సంగతి, గడువు, ఉద్యోగం, అన్నీ ఒక్క ఊపిరిలో అరిచాను. గోరీ తలుపు తీసి చూసింది. అన్న అరుగు మీద కూర్చుండిపోయాడు. "గా మూలది నీదా? లైటు మిణుకుమిణుకుమనుడు చూసిన. ఎవరో ఇడిసిపెట్టి పోయిన్రు అనుకున్న" అన్నాడు. తప్పయిందని అనలేదు. అనడానికి నోరు తెరిచినట్టే ఉంది గాని, అంతలో విజిల్ వినబడింది. మా గల్లీలో దీపాలు ఆపించే పని హీర్యాదట.

హీర్యా గేటు దగ్గర నిలబడి, లోపల కంప్యూటర్ వెలుతురు చూశాడు. అన్న లేచి, "కట్టేస్తున్న హీర్యా, కట్టేస్తున్న" అంటూ స్విచ్ మీద చెయ్యి వేశాడు. నేను కళ్లు మూసుకున్నాను.

చప్పుడు రాలేదు. కళ్లు తెరిస్తే అన్న చెయ్యి మీద హీర్యా చెయ్యి ఉంది, ఆ ముడుచుకున్న వేళ్ల చెయ్యి.

"ఆగన్నా. అప్పుడు చూడకుండ ఇడిసినవ్, ఇప్పుడు చూడకుండ కడ్తవా? జర చూసి చెయ్యి" అన్నాడు.

ఎనిమిదేళ్లలో అతను ఆ మాటెత్తడం అదే మొదటిసారట. అన్న స్విచ్ మీది నుంచి చెయ్యి తీశాడు. హీర్యా మామూలుగానే, "గల్లీల ఎవరన్న అడిగితే నేను చెప్త. చెల్లె సదువు కూడ ఉద్యమమే గద" అని విజిల్ ఊదుకుంటూ పోయాడు.

తర్వాత అన్న ఇంట్లో బల్బులు, ఫ్యాను, ఫ్రిజ్ అన్నీ ఆపేశాడు. కిటికీకి నా బొంత కట్టాడు. పీట తెచ్చి మెయిన్ కిందే వేసుకుని కూర్చున్నాడు. ఎవరూ కట్టకుండా కాపలానట. కట్టే అలవాటున్నది ఈ గల్లీలో ఆయనొక్కడికే! ఆ మాటే అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను. ఎనిమిదింటికి ప్రోగ్రాం పూర్తయింది వదినా. సమ్మె రోజులు కలిపే నడిపాను. అంచనాలు ఆ రోజుల్లో ఘోరంగా తప్పాయి, ముందు రోజుల్లో బాగున్నాయి. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, సారు ఏమన్నా అననీ.

ఈ రోజు బాయి సమ్మె ఆగిందని కబురొచ్చింది. తీర్మానం కూడా పోయినట్టే. ఒక్క రోజు ఆగి ఉంటే నాకు ఈ బాధే లేదు! అన్న అయినా ఊరుకోలేదు. పొద్దున టెంటులో మైకు తీసుకుని, "నిన్న నా ఇంట్ల రెండు గంటలు కరెంటు నడిచింది, మా చెల్లె ఎంటెక్ కోసం" అని చెప్పేశాడట. ఇప్పుడు నేను పాల కోసం బయటికెళ్తే, "ఎంటెక్ అయిందా బిడ్డా?" అని కాలనీ కాలనీ అడుగుతోంది. తల ఎత్తుకోలేకపోతున్నాను.

మధ్యాహ్నం అన్న బకెట్ నిండా సీతాఫలాలు తెచ్చి నా ముందు పెట్టాడు. తప్పయిందని ఆయన భాషలో అనుకుంటాను. నాలుగు తిన్నాను. క్షమించానని నా భాషలో.

నువ్విక రావచ్చు. మీ అమ్మకు కళ్లు నయమైనట్టే కదా.

అక్షిత


జనగామ,
23 డిసెంబర్ 2011

వదినకు,

ఈ రోజు వైవా అయింది. హైదరాబాద్ నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ వచ్చాడు. కాగితాలు తిరగేసి, "సెప్టెంబర్ దాకా బాగానే చెప్పిన మీ ప్రోగ్రాం ఆ తర్వాత ఎందుకిలా తప్పింది?" అన్నాడు. జగన్మోహన్ సారు చెమట తుడుచుకున్నాడు. నేను చెప్పాను: "అంతకు ముందు కరెంటు పోవడం అలవాటు ప్రకారం జరిగింది సార్. అలవాటును కంప్యూటర్ నేర్చుకుంటుంది. ఆ రోజుల్లో మనుషులు కూర్చుని నిర్ణయించుకున్నారు. అది దానికి తెలియదు, తెలియదని నా పుస్తకంలోనే రాశాను." ఆయన కాసేపు చూసి, ఆ పేజీ మీద ఏదో రాసుకుని, "కంగ్రాచ్యులేషన్స్" అన్నాడు. పాసయ్యాను వదినా! వచ్చే ఏడు నా గదిలోకి నేనే వెళ్తాను.

ఇక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేను, నాకు అబద్ధం అచ్చిరాదని నువ్వే అన్నావు.

భూపాలపల్లిలో ఉన్న ఆ వారం ఇంట్లోంచి కదిలినప్పుడల్లా అన్న నాతోనే మెయిన్ కట్టించేవాడు, అది నీకు రాయలేదు. ఈ రోజు వైవా అయ్యాక సార్లందరినీ సాగనంపి, సంతోషంలో తేలిపోతూ ల్యాబులోంచి ఆఖరున నేను బయటికొచ్చాను. చెయ్యి దానంతటదే గోడ మీది మెయిన్ దగ్గరికి పోయింది. తలుపు దగ్గరికేశాను. చేతులు కూడా దులుపుకున్నాను.

మెట్ల దగ్గర మౌనిక ఎదురొచ్చింది. తన ప్రాజెక్టు నిన్న మధ్యాహ్నం నుంచి మూల కంప్యూటర్ మీద నడుస్తోందట. ఇంకో అరగంటలో అయిపోతుందని చూడడానికి వస్తోంది.

ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అప్పటి నుంచి స్టాఫ్ రూములో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను, బయటికి రావడానికి మొహం చెల్లడం లేదు.

సీతాఫలాల కాలం అయిపోయింది. ఇట్లాంటప్పుడు డిసెంబర్‌లో ఏం తెచ్చివ్వాలో అన్నను అడిగి వెంటనే రాయి.

నీ మరదలు,
అక్షిత